పని మొదలైంది, కబురే వెళ్ళలేదు: కిష్కింధలో ఒక గొడవ ఎలా సర్దుకుంది



ఈ వారం వీడియోలో లక్ష్మణుడు కోపంతో కిష్కింధకి వచ్చిన ఘట్టం చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక కథ వరకే చెప్పి ఆపేశాం. నిజానికి ఆ ఘట్టంలో టీమ్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే పాఠం ఒకటుంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. రోజులో తొమ్మిది పది గంటలు టీమ్‌తోనే గడుస్తాయి. అందుకేనేమో, ఈ సర్గలు చదువుతుంటే మా స్టాండప్ మీటింగులే కళ్ళ ముందు మెదిలాయి. ఆ పాఠాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం.

మనలో చాలామందికి ఈ కథ ఇలా గుర్తుంటుంది. రాజ్యం చేతికి రాగానే సుగ్రీవుడు ఇచ్చిన మాట మర్చిపోయాడు. లక్ష్మణుడు వచ్చి గద్దించాడు. అప్పుడు భయపడి పని మొదలుపెట్టాడు. అంతే కదా?

వాల్మీకి రామాయణం వరుసగా చదివితే ఇందులో ఒక చిన్న తేడా కనిపిస్తుంది. సాధారణంగా దొరికే ప్రతుల్లో లక్ష్మణుడు కిష్కింధకి బయల్దేరేది 31వ సర్గలో. సుగ్రీవుడు వానర సైన్యాన్ని పిలిపించమని ఆజ్ఞ ఇచ్చింది 29వ సర్గలో. అంటే లక్ష్మణుడు గుమ్మం దగ్గరికి వచ్చేసరికే పని మొదలైపోయింది. ఆ సంగతి రాముడికి ఎవరూ చెప్పలేదు.

ఆ గొడవలో సగం, చెప్పని ఆ ఒక్క కబురే. మిగతా సగం ఎలా పెరిగింది, ఎవరెవరు ఏం మాట్లాడితే తగ్గింది అన్నదే ఈ వారం మన పాఠం.

ఒప్పందం ఏమిటి?

రాముడు, సుగ్రీవుడు అగ్నిసాక్షిగా స్నేహం చేసుకున్నారు. వాలి వల్ల సుగ్రీవుడు పోగొట్టుకున్న రాజ్యం, భార్య రుమ తిరిగి దక్కేలా చేయడం రాముడి వంతు. సీతమ్మ ఎక్కడుందో వెతికించడం సుగ్రీవుడి వంతు. రాముడు తన వంతు పూర్తి చేశాడు. సుగ్రీవుడికి పట్టాభిషేకం అయ్యేసరికి వానాకాలం వచ్చేసింది. ఆ వానల్లో అడవులు, వాగులు దాటి వెతకడం కుదరదు. అందుకని రాముడే నాలుగు నెలలు ఆగుదామన్నాడు. కార్తీకం రాగానే పనిలోకి దిగమని చెప్పాడు. డెడ్‌లైన్ స్పష్టంగానే ఉందన్నమాట.

పద్నాలుగేళ్ళు ఊళ్ళోకి అడుగుపెట్టకూడదన్నది తండ్రికిచ్చిన మాట. అందుకే రాముడు కిష్కింధలోకి వెళ్ళకుండా లక్ష్మణుడితో కలిసి ప్రస్రవణగిరి మీద ఒక గుహలో ఉండిపోయాడు. మీలో హంపి ట్రిప్‌కి వెళ్ళినవాళ్ళు మాల్యవంత రఘునాథస్వామి గుడి చూసే ఉంటారు. రాముడు ఆ వానాకాలం గడిపింది ఆ కొండ మీదేనని అక్కడివాళ్ళ నమ్మకం.

ఇక్కడ వాల్మీకి ఒక చిన్న వివరం ఇస్తాడు. ఆ కొండ కిష్కింధకి దూరమేమీ కాదు. నగరంలో పాటలు, వాయిద్యాల మోత గుహ దాకా వినిపిస్తోందని రాముడే లక్ష్మణుడితో అంటాడు. ఒక్కసారి ఆ నాలుగు నెలలు ఊహించుకోండి. భార్య ఏమైందో తెలియని మనిషి వానలో కొండ మీద కూర్చుని ఉన్నాడు. అటునుంచి ఆయనకి చేరుతున్నది సంగీతం. చేరనిది సమాచారం.

హనుమంతుడి రిమైండర్

వానలు తగ్గాయి, ఆకాశం తేటపడింది. సుగ్రీవుడు మాత్రం అంతఃపురం వదలట్లేదు. రాజ్యం పనులు మంత్రుల మీద వదిలేశాడు. అప్పుడు హనుమంతుడు తనంతట తాను వెళ్ళి గుర్తుచేశాడు. రాముడు అడగలేదు, ఎవరూ కంప్లైంట్ చేయలేదు. టైమ్ అయిందని ఆయనే గమనించాడు.

హనుమంతుడు అక్కడ చెప్పిన ఒక మాట నన్ను బాగా ఆకట్టుకుంది. దాని భావం ఇది: ఎదుటివాడు గుర్తుచేయనంత వరకు ఆలస్యం అయినట్టు లెక్క కాదు. అతను నోరు తెరిచి అడిగాక చేస్తే మాత్రం అది ఆలస్యమే. చేసే పని అదే, పట్టే రోజులూ అవే. అడగకముందు చేస్తే మాట నిలబెట్టుకున్నట్టు, అడిగాక చేస్తే మాట తప్పి దిద్దుకున్నట్టు. ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళకి దీని విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

సుగ్రీవుడు విన్నాడు. వెంటనే నీలుణ్ణి పిలిచి, అన్ని దిక్కుల్లో ఉన్న వానరుల్ని రప్పించమన్నాడు. పదిహేను రోజులు గడువు. దాటితే మరణదండన. చాలా గట్టి ఆజ్ఞ. అది ఇచ్చేసి మళ్ళీ అంతఃపురంలోకి వెళ్ళిపోయాడు.

ఆ పూటే ఒక వానరుణ్ణి కొండ మీదికి పంపి "స్వామీ, సైన్యానికి కబురు పెట్టాం, పదిహేను రోజుల్లో వస్తారు" అని చెప్పించి ఉంటే? ఒక్క వాక్యం. పాటల మోత వినిపించేంత దగ్గర్లోనే ఉన్న మనిషికి.

ఖాళీ చోటు ఊరికే ఉండదు

సమాచారం లేని చోట మనసు ఊరికే కూర్చోదు. తనే ఒక కథ అల్లుకుంటుంది. ఈ ఘట్టంలో ఇద్దరి మనసులూ అదే చేశాయి.

రాముడికి ఆ నాలుగు నెలలు నూరేళ్ళలా గడిచాయి. శరత్తు వచ్చినా సుగ్రీవుడి జాడ లేదు. అప్పుడాయన లక్ష్మణుడి దగ్గర బాధపడిన మాటల సారం ఇది: నేను రాజ్యం పోయినవాణ్ణి, ఇల్లు దూరమైనవాణ్ణి, తన దగ్గరికి శరణని వచ్చినవాణ్ణి. అందుకే సుగ్రీవుడికి చులకన అయ్యాను. చూశారా? "పని ఆలస్యమైంది" అన్న విషయం "నేనంటే లెక్కలేదు" అన్న బాధగా మారిపోయింది.

అటు సుగ్రీవుడి మనసులో ఇంకో కథ. లక్ష్మణుడు కోపంగా వచ్చాడని తెలియగానే ఆయనకి వచ్చిన ఆలోచన ఏమిటి? నేను తప్పు మాట అనలేదే, తప్పు పని చేయలేదే, నా గురించి గిట్టనివాళ్ళెవరో చాడీలు చెప్పి ఉంటారని. ఆయన దృష్టిలో ఆజ్ఞ ఇచ్చేశాడు, పని నడుస్తోంది. మరి ఈ కోపం ఎక్కడిది? ఎవరో మధ్యలో పుల్ల పెట్టి ఉండాలి!

ఇద్దరూ అబద్ధం ఆడలేదు. తమకి తెలిసిన దాన్ని బట్టి ఇద్దరి ఆలోచనా సబబుగానే ఉంది. తెలియాల్సింది తెలియలేదు, అంతే.

ఆ ఊరికి ఇది కొత్త కాదు

ఈ గొడవ ఎంత దూరం పోగలదో తెలియాలంటే కిష్కింధ పాత గొడవ ఒకసారి గుర్తుచేసుకోవాలి. సుగ్రీవుడు రాముడికి చెప్పుకున్న కథ అది.

మాయావి అనే రాక్షసుణ్ణి తరుముతూ వాలి ఒక గుహలోకి వెళ్ళాడు. తమ్ముణ్ణి బయట కాపలా ఉండమన్నాడు. ఏడాది దాటింది. లోపల్నుంచి నురగతో నెత్తురు వచ్చింది, రాక్షసుల అరుపులు వినిపించాయి. అన్న గొంతు మాత్రం వినపడలేదు. అన్న చనిపోయాడనుకుని సుగ్రీవుడు గుహ ద్వారానికి పెద్ద బండ అడ్డం పెట్టి ఇంటికి వచ్చేశాడు. మంత్రులు విషయం తెలుసుకుని అతన్ని రాజుని చేశారు.

ఇప్పుడు వాలి వైపు నుంచి చూడండి. శత్రువుని చంపి బయటికి రాబోతే దారి మూసేసి ఉంది. తమ్ముణ్ణి పేరు పెట్టి పదే పదే పిలిచాడు. జవాబు లేదు. బండని తన్ని బయటపడి ఊరికొస్తే సింహాసనం మీద తమ్ముడు! ఆ క్షణంలో ఎవరైనా ఏమనుకుంటారు?

సుగ్రీవుడు కాళ్ళ మీద పడ్డాడు. జరిగింది చెప్పాడు. రాజ్యాన్ని నీ తరఫున దాచి ఉంచాను, తీసుకో అన్నాడు. వాలి వినలేదు. మంత్రుల్ని, ప్రజల్ని పిలిచి అందరి ముందు తన వైపు కథ చెప్పి, తమ్ముణ్ణి ద్రోహి అని తేల్చేశాడు. కట్టుబట్టలతో వెళ్ళగొట్టాడు. ఆ సభలో "గుహ దగ్గర అసలు నువ్వేం చూశావు?" అన్న ప్రశ్న వాలి నోట రాలేదు.

తర్వాత కూడా ఒక అవకాశం వచ్చింది. సుగ్రీవుడు రెండోసారి యుద్ధానికి పిలిచినప్పుడు తార ఆపింది. రాముడితో స్నేహం చేసుకో, తమ్ముడితో సర్దుకో, అతన్ని యువరాజుని చెయ్యి అని స్పష్టంగా సలహా ఇచ్చింది. వాలి ఆ మాటా వినలేదు. ఆ గొడవ ఎక్కడ ముగిసిందో మనందరికీ తెలుసు.

రెండో గొడవ కూడా అదే ఊళ్ళో, దాదాపు అదే మనుషుల మధ్య వచ్చింది. మళ్ళీ ఒకరి ఆలస్యం, ఒకరి అనుమానం. సుగ్రీవుడు ఒప్పందానికి కట్టుబడకపోతే వాలి వెళ్ళిన దారి ఇంకా తెరిచే ఉందని రాముడు కబురు కూడా పంపాడు. మరి ఈసారి కథ ఎందుకు మారింది? నలుగురు మాట్లాడారు, మాట్లాడినప్పుడు ఎదుటివాళ్ళు విన్నారు. ఒక్కొక్కరినీ చూద్దాం.

హనుమంతుడు: సొంత మనిషికి నిజం చెప్పడం

"నా తప్పేముంది?" అని సుగ్రీవుడు అడిగినప్పుడు అక్కడున్నవాళ్ళు తల ఊపి ఊరుకోవచ్చు. రాజు కదా! హనుమంతుడు అలా చేయలేదు. తప్పు నీదే అని చెప్పాడు. గడువు దాటింది, చేతులు జోడించి క్షమించమని అడగడం తప్ప వేరే దారి లేదన్నాడు. రాజు మేలు కోరే మంత్రి భయపడకుండా చెప్పాలి కాబట్టి చెబుతున్నానన్నాడు.

దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పాడు. రాముడి కోపం ప్రేమ లోంచి వచ్చిన కోపమని. చాడీల గురించి సుగ్రీవుడు అల్లుకున్న కథని ఆ ఒక్క మాట తీసేసింది. ఎవరూ నీ మీద కుట్ర చేయట్లేదు, నిన్ను నమ్మిన స్నేహితుడు బాధపడుతున్నాడు, అంతే అని.

మన టీమ్‌మేట్ వచ్చి వేరేవాళ్ళ మీద గోడు వెళ్ళబోసుకున్నప్పుడు "అవును, వాళ్ళెప్పుడూ ఇంతే" అనడం చాలా తేలిక. స్నేహం అనిపిస్తుంది కూడా. హనుమంతుడి స్నేహం అది కాదు.

తార: మొదట ప్రశ్న, తర్వాత వివరం

లక్ష్మణుడు అంతఃపురం దాకా వచ్చి వింటినారి మోగించాడు. సుగ్రీవుడు ముందు తారని పంపాడు. తార ఏం చేసింది?

మొదట అడిగింది. నీ కోపానికి కారణం ఏమిటి, నీ మాట దాటింది ఎవరు అని. సంజాయిషీ ఇవ్వలేదు, ఎదురుదాడి చేయలేదు. లక్ష్మణుడు తన బాధంతా చెప్పేదాకా ఆగింది.

తర్వాత ఒప్పుకుంది. గడువు దాటిన మాట నిజమే, సుగ్రీవుడు భోగాల్లో మునిగిన మాటా నిజమే అంది. దాచలేదు.

ఆ తర్వాతే అసలు విషయం చెప్పింది. అంత మునిగి ఉన్నా సైన్యానికి ఆజ్ఞ ఎప్పుడో వెళ్ళింది, వానరులు దారిలో ఉన్నారు అని. ఇన్నాళ్ళూ కొండ మీదికి వెళ్ళని కబురు ఇదే. చివరికి తార నోట బయటికి వచ్చింది.

ఈ వరుస గమనించండి. మొదటి నిమిషంలోనే "సైన్యాన్ని పిలిచేశాం కదా, మీరే తొందరపడుతున్నారు" అని ఉంటే? మాట నిజమే అయినా సాకులా వినిపించేది. ముందు ఎదుటివాళ్ళ బాధ వినాలి, తర్వాత మన లోటు ఒప్పుకోవాలి, ఆ తర్వాత మనం చేసింది చెప్పాలి. తార మూడూ ఆ వరుసలోనే చేసింది.

ఇంకో సంగతి. ఒక్క మాటతో అంతా చల్లారిపోలేదు. లోపలికి వెళ్ళి సుగ్రీవుణ్ణి స్త్రీల మధ్య చూడగానే లక్ష్మణుడి కోపం మళ్ళీ భగ్గుమంది. కృతఘ్నుడివని గట్టిగానే అన్నాడు. తార రెండోసారి మాట్లాడింది. చాలాకాలం కష్టాలు పడి సుఖం చూసినవాడు కాలం మర్చిపోవడం సహజమని, విశ్వామిత్రుడంతటి ఋషికే అలా జరిగిందని గుర్తుచేసింది. కృతఘ్నుడన్న మాటని మాత్రం ఒప్పుకోలేదు. జరిగిన ఆలస్యాన్ని ఒప్పుకుంటూనే, మనిషి మీద వేసిన ముద్రని కాదంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

సుగ్రీవుడు, లక్ష్మణుడు: ఇద్దరూ దిగడం

అప్పుడు సుగ్రీవుడు మెడలోని దండ తెంచేశాడు. తనకి దక్కినదంతా రాముడి వల్లేనని చెప్పాడు. చనువు వల్లో నమ్మకం వల్లో నేను దాటిన హద్దులుంటే క్షమించమన్నాడు.

ఇక్కడితో ఆగినా కథ బాగానే ఉండేది. వాల్మీకి ఇంకో మెట్టు ఎక్కిస్తాడు. లక్ష్మణుడు కూడా క్షమించమని అడిగాడు. దుఃఖంలో ఉన్న మా అన్న మాటలు విని, నిన్ను పరుషంగా మాట్లాడాను, మన్నించు మిత్రమా అన్న భావంతో. గట్టిగా అన్నది ఎక్కడో, సారీ చెప్పిందీ అక్కడే.

నిజానికి బయల్దేరేముందే రాముడు లక్ష్మణుణ్ణి శాంతపరిచాడు. పరుషమైన మాటలు వదిలేసి, సామంగా మాట్లాడమని చెప్పి పంపాడు. దారిలో ఆ జాగ్రత్త కరిగిపోయి కోపమే మిగిలింది. వేరేవాళ్ళ బాధని మనం మోసుకెళ్ళేటప్పుడు ఇలాగే అవుతుంది. మన ప్రేమ కూడా కలిసి అది రెట్టింపు అవుతుంది.

మీకో సందేహం రావచ్చు. లక్ష్మణుడు కోపంగా రాకపోతే సుగ్రీవుడు అంతఃపురం వదిలేవాడా అని. న్యాయమైన ప్రశ్నే. ఆ కోపం తలుపు తెరిపించింది, నేను కాదనను. మనసు విప్పి మాట్లాడడం అంటే ఎప్పుడూ తియ్యగా మాట్లాడడం అని అర్థం కాదు. బాధని బయటికి చెప్పాల్సిందే. కొండ మీద కూర్చుని లోపల్లోపల కుమిలిపోతే ఏమీ జరగదు. అయితే తలుపు తెరుచుకున్నాక కోపమే మాట్లాడుతూ ఉండి ఉంటే వాలి కథ మళ్ళీ జరిగేది.

మా ఆఫీసులో చూసినది

ఇదంతా పురాణం కదా, ఆఫీసులో ఎలా అంటారా? నేను ఇంతకుముందు పనిచేసిన చోట కళ్ళారా చూసినది ఒకటి చెప్తాను.

రిలీజ్ దగ్గర పడింది. టెస్టింగ్ చూసే అబ్బాయికి సోమవారం ఒక పెద్ద బగ్ దొరికింది. కస్టమర్‌కి రీఫండ్ ఒకసారి వెళ్ళాల్సింది రెండుసార్లు వెళ్తోంది. బ్యాకెండ్ చేసే అమ్మాయికి టికెట్ వేశాడు. ఆమె మంగళవారానికే కారణం పట్టుకుంది. సమస్య వేరే టీమ్ సర్వీస్‌లో ఉంది. వాళ్ళకి చెప్పి, వాళ్ళ ఫిక్స్ కోసం ఎదురుచూస్తోంది. టికెట్‌లో మాత్రం ఒక్క లైను కూడా రాయలేదు. స్టేటస్ అలాగే "ఓపెన్" అని ఉంది.

గురువారం అతను మేనేజర్లు కూడా ఉన్న గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు. నాలుగు రోజులైంది, ఎవరికీ పట్టట్లేదని. అంతే, ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. ఆమె అతనికి చెప్పాల్సినవి మా ద్వారా చెప్పించడం మొదలుపెట్టింది. అతనేమో టీమ్ మారిపోతానని మేనేజర్‌తో అన్నాడు. "టెస్టింగ్ వాళ్ళంటే ఇక్కడ అందరికీ చులకన" అని లంచ్‌లో నాతో అన్నాడు. "మేనేజర్ దగ్గర నన్ను చెడ్డదాన్ని చేయాలని చూస్తున్నాడు" అని ఆమె అంది. కొండ మీద రాముడి బాధ, అంతఃపురంలో సుగ్రీవుడి అనుమానం! అచ్చం అవే.

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవారు, అందరం అక్క అని పిలిచేవాళ్ళం. ఆవిడ ఇద్దరినీ చిన్న మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టారు. ఆ డిఫెక్ట్ లిస్టు నేనే చూసుకునేవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు. "ఎవరిది తప్పు అని నేను అడగను. ఒక్కటే చెప్పండి, మీకేం తెలుసు, ఎప్పటినుంచి తెలుసు?" అన్నారు.

అతను సోమవారం నుంచి చెప్పాడు. ఆమె మంగళవారం నుంచి చెప్పింది. అతను మధ్యలోనే ఆగి, "మంగళవారమే దొరికిందా? నాకు తెలిస్తే నేను మిగతా టెస్టులు చేసుకునేవాణ్ణి కదా" అన్నాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "టికెట్‌లో రాయాల్సింది, రాయలేదు" అంది. అతను "నేనూ గ్రూప్‌లో పెట్టేముందు నీకొక కాల్ చేయాల్సింది" అన్నాడు.

ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ అదే గ్రూప్‌లో రాశారు. ఆమె బగ్ ఎక్కడ ఆగిందో వివరంగా పెట్టింది. అతను తన మెసేజ్ తొందరపాటని పెట్టాడు. రిలీజ్ రెండు రోజులు లేటైంది, అది తప్పలేదు. అతను మాత్రం టీమ్ మారలేదు.

ఈ వారం చేసి చూడండి

1. అడగకముందే చెప్పండి. పని పూర్తయ్యాకే చెప్పాలని ఏమీ లేదు. "ఇంకా కాలేదు, ఫలానా చోట ఆగింది, శుక్రవారం మళ్ళీ చెప్తాను" అన్నా చాలు. మీ కోసం ఎదురుచూస్తున్న ఒక్కరి పేరు రాసుకోండి, ఈ రోజే ఆ వాక్యం పంపండి.

2. కోపం వచ్చినప్పుడు మీ మొదటి వాక్యం ప్రశ్నగా ఉండనివ్వండి. "నువ్వెందుకు చేయలేదు?" అన్నది ప్రశ్నలా కనిపించే తీర్పు. "ఇది ఎక్కడిదాకా వచ్చింది?" అన్నది నిజమైన ప్రశ్న.

3. మనసులో అల్లుకున్న కథని విడిగా రాసి చూడండి. కాగితం మీద ఒకవైపు మీకు ఖాయంగా తెలిసింది, రెండోవైపు మీరు ఊహించింది. రెండోవైపున్న వాటినే ఎదుటివాళ్ళని అడగాలి.

4. సంజాయిషీ ఇచ్చేటప్పుడు తార వరుస గుర్తుపెట్టుకోండి. వినడం, ఒప్పుకోవడం, ఆ తర్వాతే చేసింది చెప్పడం.

5. వేరేవాళ్ళ తరఫున మాట్లాడడానికి వెళ్తుంటే విషయాన్ని మాత్రమే తీసుకెళ్ళండి. వాళ్ళ వేడిని అక్కడే వదిలేయండి.

6. నలుగురి ముందు గట్టిగా అంటే నలుగురి ముందే సారీ చెప్పండి. విడిగా చెప్పే సారీ మంచిదే, కానీ గ్రూప్‌లో పోయిన పరువు పర్సనల్ మెసేజ్‌లో తిరిగి రాదు.

మాట పనిచేయని చోటు

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వాలి ముందు సుగ్రీవుడు అంతా చెప్పాడు, కాళ్ళు పట్టుకున్నాడు. ఫలితం లేదు. మాట పనిచేయాలంటే వినేవాళ్ళు కావాలి. మీరు చేయగలిగింది చేశాక కూడా ఎదుటివాళ్ళు వినకపోతే అది మీ లోపం కాదు. సుగ్రీవుడు ఋష్యమూకం చేరి, నమ్మదగిన స్నేహం వెతుక్కున్నాడు. మీరూ మూడో మనిషిని పిలవండి, విషయాన్ని రాతలో పెట్టండి.

అలాగే ఎవరైనా మిమ్మల్ని వేధిస్తుంటే, అవమానిస్తుంటే అది "కమ్యూనికేషన్ గ్యాప్" కాదు. "కూర్చుని మాట్లాడుకోండి" అనే సలహా అక్కడ పనికిరాదు. నేరుగా హెచ్ఆర్ దగ్గరికి, కంపెనీ కమిటీ దగ్గరికి వెళ్ళాల్సిన విషయం అది. ధర్మం సహనం నేర్పుతుంది, అన్యాయాన్ని భరించమని చెప్పదు.

తర్వాత ఏం జరిగింది?

ఇద్దరూ ఒకరినొకరు మన్నించుకున్నాక సుగ్రీవుడు కూర్చోలేదు. సైన్యాన్ని త్వరగా రప్పించమని హనుమంతుడికి మళ్ళీ చెప్పాడు. లక్ష్మణుడితో కలిసి తనే కొండ దగ్గరికి వెళ్ళాడు. రాముడి పాదాల మీద పడ్డాడు. రాముడు లేవదీసి కౌగిలించుకున్నాడు. నాలుగు నెలలుగా వెళ్ళని కబురుతో ఈసారి రాజే స్వయంగా వెళ్ళాడన్నమాట.

వానరసేన వచ్చింది. తూర్పుకి వినతుడు, పడమరకి సుషేణుడు, ఉత్తరానికి శతబలి, దక్షిణానికి అంగదుడి నాయకత్వంలో హనుమంతుడు, జాంబవంతుడు బయల్దేరారు. గడువు ఒక నెల. బయల్దేరేముందు రాముడు తన ఉంగరాన్ని హనుమంతుడి చేతికిచ్చాడు. అశోకవనంలో సీతమ్మకి చేరిన ఉంగరం అదే. లక్ష్మణుడు, సుగ్రీవుడు ఆ రోజు ఒకరి మాట ఒకరు వినకపోయి ఉంటే ఆ ఉంగరం కొండ దిగేది కాదు.

మీ టీమ్‌లో, మీ ఇంట్లో, మీ ఫ్లాట్‌లో ఎవరో ఒకరు ఇప్పుడు అలా కొండ మీద ఎదురుచూస్తూ ఉండొచ్చు. మీరు పని మొదలుపెట్టే ఉండొచ్చు. పడుకునేముందు ఆ ఒక్క కబురు పంపేయండి.

వచ్చే వారం ఇదే దక్షిణ దిక్కు టీమ్ స్వయంప్రభ గుహ నుంచి బయటపడ్డాక, గడువు దాటిపోయిందని తెలిసి అంగదుడు కుప్పకూలిపోయిన ఘట్టం చూద్దాం. అక్కడ కూడా హనుమంతుడు ఎలా మాట్లాడాడో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

జై శ్రీరామ్! జై హనుమాన్!